వంటింటి పక్కగది కథ

ఇల్లు కట్టించబోయేవాళ్ళ ఇంట్లో ప్లాను కాగితం పరిచినప్పటి సందడి ఎప్పుడైనా చూశారా? భోజనాల బల్ల మీద కాగితం పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. హాలు ఎంత పొడుగుండాలో, సోఫా ఏ గోడకి వెయ్యాలో మగవాళ్ళు తేలుస్తారు. పడగ్గదుల దగ్గర పిల్లలు పేచీ పెడతారు. దేవుడి గది విషయంలో అత్తగారిది తుది తీర్పు. వంటిల్లు అనగానే మాత్రం అందరూ ఇల్లాలి వంక చూసి, "అది నీ ఇష్టం" అని ఎంతో ఉదారంగా వదిలేస్తారు. ఆ వంటింటి పక్కన, ప్లాను అంచున, రెండు గీతల మధ్య ఇరుక్కుని సన్నటి ముక్క ఒకటి వుంటుంది. దాని మీద "యుటిలిటీ" అని రాసి వుంటుంది. కొందరు "వాష్ ఏరియా" అంటారు. దాన్ని గురించి ఎవరూ వాదించరు. అన్ని గదులకూ కొలతలు పంచిపెట్టాక మిగిలిన జాగా అది.

యుటిలిటీ అంటే ప్రయోజనం. అయితే తక్కిన గదులన్నీ ప్రయోజనం లేనివనా అని అడగాలనిపిస్తుంది. మాట తమాషాగా వున్నా అందులో కొంత నిజం లేకపోలేదు. హాల్లో కూర్చుంటాం, పడగ్గదిలో పడుకుంటాం. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, పప్పు రుబ్బడం, బియ్యం ఏరడం, ఆకుకూర కడగడం, చెత్త పోగుచెయ్యడం - తెల్లారి లేస్తే తప్పని ఈ పనులన్నీ చేరేది ఆ సన్నటి ముక్కలోకే.

ఈ ముక్క నిన్నగాక మొన్న పుట్టుకొచ్చింది కాదు. మన ఇళ్ళలో ఒకప్పుడు ఇంతకు పదింతల జాగాలో దర్జాగా వుండేది. దాని పేరు పెరడు. ఆ పెరడు చిక్కి చిక్కి నాలుగడుగుల నడవ ఎలా అయిందో, మధ్యలో కొన్నేళ్ళు బొత్తిగా ఎలా మాయమైందో తెలుసుకోవలసిన సంగతే. ఎందుకంటే, పెరడు మాయమైనా పెరటి పని మాయం కాలేదు. అది ఎవరి నెత్తిన పడిందో మీకు నేను చెప్పాలా?

ముందు శాస్త్రం సంగతి చూద్దాం. ఇల్లు కట్టేటప్పుడు అందరం ముందు అడిగేది అదే కదా. 1600 ప్రాంతంలో కాశీలో రామదైవజ్ఞుడు రాసిన ముహూర్త చింతామణి అనే గ్రంథం వుంది. పేరుకి ముహూర్తాల పుస్తకమే గాని అందులో వాస్తు ప్రకరణం కూడా వుంది. ఏ దిక్కున ఏ గది వుండాలో అందులో పదహారు గదుల లెక్క చెప్పారు. ఆగ్నేయాన వంటిల్లు - ఇది మనందరికీ తెలిసిందే. దానికి అటూ ఇటూ ఏమున్నాయో చాలామందికి తెలియదు. వంటింటికి తూర్పు వైపున మజ్జిగ చిలికే గది. దక్షిణం వైపున నెయ్యి దాచే గది. అంటే వంట వేరు, వంటకు ముందూ వెనకా చేసే పని వేరు, ఆ పనికి దాని చోటు దానికి వుండాలని నాలుగు వందల ఏళ్ళ కిందటే ఒప్పుకున్నారన్నమాట. వాయవ్యాన ధాన్యం గది, ఉత్తరాన భాండాగారం సరేసరి. అదే లెక్కలో పడమరకీ వాయవ్యానికీ నడుమ రోదన గృహం అని ఒకటుంది. నవ్వకండి, ఏడవడానికి కూడా గది వుంది. పదహారు గదుల ఇల్లు ఎంతమంది కట్టుకోగలిగారన్నది వేరే సంగతి. ఇప్పుడు వాస్తు పేరుతో మనం పొయ్యి ఏ మూలన పెట్టాలని గంటలకొద్దీ వాదిస్తాం గాని, ఆ పొయ్యి పక్కనే రెండు పనిగదులు వుండాలన్న మాట మాత్రం ఎవరికీ జ్ఞాపకం రాదు.

పదహారు గదులు లేకపోయినా, మామూలు సంసారులకు ఆ పనిగదులన్నీ కలిసి పెరడయ్యాయి. కోస్తా జిల్లాల్లో పెంకుటిల్లు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. వీధి అరుగు, సావిడి, లోపల గదులు, ఆ వెనక వంటిల్లు, వంటింటిని ఆనుకుని వసారా, వసారా దిగితే పెరడు. వంటింట్లో పొయ్యి మీద జరిగేది పనిలో మూడో వంతు. తక్కిందంతా గుమ్మం అవతలే. నూతి పళ్ళెం మీద నీళ్ళు తోడడం, బట్టలు తడపడం. పళ్ళెం పక్కన గోలెం. కాస్త ఎడంగా స్నానాలకు నీళ్ళు కాచే పొయ్యి, దాని మీద మసిబారిన కాగు. అంట్లు తోమే చోట కచ్చిక, చింతపండు, కొబ్బరి పీచు. వసారాలో ఒక మూల తిరగలి, ఇంకో మూల రుబ్బురోలు, గోడవారగా రోకళ్ళు. దాలిగుంటలో పిడకల సెగ మీద పొద్దుటి నుంచి కాగి కాగి ఎర్రబడే పాలు. అంట్లు కడిగిన నీళ్ళు చిన్న కాలవలో పడి అరటి పాదుల్లోకీ, కంద మడిలోకీ పోయేవి. ఇంకుడు గుంటలంటూ మనం ఇప్పుడు కొత్తగా నేర్చుకుంటున్న విద్య వాళ్ళకి అరటి చెట్లే నేర్పాయి.

తెలంగాణ ఇళ్ళలో వెనక వాకిట ఇసుర్రాయి, రోలు, నీళ్ళ గోలెం ఇలాగే కొలువుతీరి వుండేవి. రాయలసీమ మిద్దెల్లో పొగ పోవడానికి పైన గవాచి వుంటే, నీళ్ళు పోవడానికి కింద జలదారి వుండేది. ప్రాంతాన్ని బట్టి పేర్లు మారాయి గాని ఏర్పాటు ఒకటే. తడి పనీ, మసి పనీ, దుమ్ము పనీ పొయ్యి దగ్గరికి రాకూడదు. ఇందులో మడి ఆచారం వుంది, ఆరోగ్యమూ వుంది. ఆరుబయట పని చేస్తే గాలి ఆడుతుంది, నడుం నొప్పెడితే కాసేపు గోడకి ఆనుకోవచ్చు, పక్కింటి పిన్నిగారితో గోడ మీదుగా నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. ఊళ్ళో వార్తలు వీధి అరుగు మీద ఎన్ని పుట్టాయో పెరటి గోడ దగ్గరా అన్ని పుట్టాయి.

అలాగని పెరటిని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. జోరువానలో అంట్లు తోముకోవడం, మాఘమాసం చలిలో తెల్లవారుజామున నూతిలో చేద వెయ్యడం, గర్భిణిగా వుండి రోకలి ఎత్తడం అనుభవించినవాళ్ళకు తెలుసు. ఆ పనంతా ఇంటి కోడళ్ళూ, పనివాళ్ళూ చేసిందే. పనిమనిషికీ, చాకలికీ, పాలేరుకీ ఇంట్లోకి దారి పెరటి గుమ్మమే, వీధి గుమ్మం కాదు. ఇంటి ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు కూర్చోవలసింది కూడా ఆ పెరటి పంచనే. కాబట్టి పెరడు ఒక స్వర్గమని ఎవరైనా రాస్తే, వాళ్ళు అందులో ఎప్పుడూ అంట్లు తోమి వుండరని నా అనుమానం. కాని ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ ఇల్లు కట్టినవాడికి ఇంట్లో ఎంత పని వుంటుందో తెలుసు. పనికి చోటు ఇచ్చే కట్టాడు.

తర్వాత పట్నాలు పెరిగాయి. హైదరాబాదు సంగతే చూడండి. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. అప్పటిదాకా కిక్కిరిసి వున్న బస్తీల్ని బాగుచెయ్యాలని 1912లో నగరాభివృద్ధి సంఘం ఏర్పడింది. వరదను ఆపడానికి కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. మనం గండిపేట అని పిలుచుకునేది దాన్నే. ఆ నీరు కొళాయిల్లోకి వచ్చింది. నూతి దగ్గరికి వెళ్ళనక్కర్లేకపోవడం ఆడవాళ్ళకి దక్కిన పెద్ద వరం, సందేహం లేదు. కాని నుయ్యి అక్కర్లేకపోతే నూతి పళ్ళెం అక్కర్లేదు, పళ్ళెం అక్కర్లేకపోతే అంత పెరడెందుకని జాగా లెక్కలు వేసేవాళ్ళకి తోచింది. 1956లో రాష్ట్రం ఏర్పడి, కర్నూలు నుంచి కచేరీలు హైదరాబాదుకి తరలివచ్చాక ఉద్యోగస్తులకి ఇళ్ళు కావలసివచ్చాయి. 1960లో ఆ పాత సంఘం స్థానంలో హౌసింగు బోర్డు వచ్చింది. క్వార్టర్లూ, కాలనీలూ లేచాయి. తక్కువ జాగాలో ఎక్కువమందికి ఇల్లు కావాలి. అప్పుడు మొట్టమొదట కత్తెర పడింది పెరటి మీదే.

అయితే వంటిల్లు ఎంత చిన్నదయితే సరిపోతుందో కొలబద్ద పట్టుకుని లెక్క కట్టింది ముందు మనవాళ్ళు కాదు. ఆ కథ యూరపులో మొదలైంది. మన పట్నాల వంటిళ్ళు ఆ దోవనే నడిచాయి కాబట్టి ఒకసారి అటు వెళ్ళిరావాలి.

ఇంగ్లండులో పాత ఇళ్ళలో వంటింటి వెనక స్కల్లరీ అనే గది వుండేది. గిన్నెలు కడగడం, బట్టలు ఉడకబెట్టడం అక్కడే. మన పెరడుకి వాళ్ళ చలిదేశపు చెల్లెలు అనుకోండి. వేడినీళ్ళ బానకి దగ్గరగా వుంటుందని కూలీల ఇళ్ళలో స్నానపు తొట్టి కూడా స్కల్లరీలోనే పెట్టి, స్నానం లేనప్పుడు దాని మీద చెక్క మూత వేసి బల్లలా వాడేవారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగుస్తూండగా కొత్త ఇళ్ళు లక్షల్లో కట్టవలసివచ్చినప్పుడు, 1918లో అక్కడి ప్రభుత్వం ఆడవాళ్ళతోనే ఒక ఉపసంఘం వేసింది. వాళ్ళు ఇళ్ళు చూశారు, ఆ ఇళ్ళలో పని చేసుకునే ఆడవాళ్ళని పిలిచి మీకేం కావాలని అడిగారు. ఇల్లు కట్టే ముందు ఇల్లాలిని అడగడం ఒక ప్రభుత్వానికి తోచిందంటే ఆ రోజుల్లో అది విశేషమే.

అసలు పెద్ద మార్పు జర్మనీలో వచ్చింది. 1926లో ఫ్రాంక్‌ఫర్టు నగరంలో చవక ఇళ్ళు కట్టిస్తున్న ఎర్నెస్ట్ మే అనే వాస్తుశిల్పి, వంటింటి పని మార్గరెటె షుట్టె లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా యువతికి అప్పగించాడు. ఆమె రైలు భోజనాల పెట్టెలో వంటవాళ్ళు ఇరుకులో ఎంత చకచకా పని చేస్తారో గమనించింది. గృహిణి ఎన్ని అడుగులు వేస్తుందో, చెయ్యి ఎంత దూరం చాపుతుందో లెక్కలు చూసింది. దాదాపు 6 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు వున్న గదిలో సొరుగులు, మడత బల్ల, సింకు అన్నీ అమర్చింది. అలాంటివి పది వేల దాకా కట్టారు. ప్రపంచంలో ఈనాటి గట్టు వంటిళ్ళన్నిటికీ అదే తల్లి. ఆవిడ నూటమూడో పుట్టినరోజుకి కొద్ది రోజుల ముందు, 2000లో పోయింది. ఆ వంటిల్లు గీసే నాటికి తాను ఎప్పుడూ వంట చెయ్యలేదని తర్వాత ఆవిడే చెప్పుకుంది!

మెచ్చుకోవలసిన పనే, కాదనను. కాని గమనించవలసిన సంగతి ఇంకొకటుంది. ఆ చిన్న వంటిల్లు వంట ఒక్కదానికే కొలిచి కట్టింది. బట్టలు ఉతకడానికి ఆ కాలనీల్లో కొన్నింట ఉమ్మడి ఉతుకుడుశాల విడిగా కట్టారు. పిండి బజారులో దొరుకుతుంది, రొట్టె బేకరీలో దొరుకుతుంది. వాళ్ళ వంటిల్లు చిన్నదయిందంటే, దాని వెనకున్న పని ముందే బయటికి వెళ్ళింది కాబట్టి.

మనం వంటిల్లు చిన్నదిగా కట్టడం నేర్చుకున్నాం. పని బయటికి పంపడం మాత్రం నేర్చుకోలేదు. బియ్యం మిల్లుకి వెళ్ళాయి, పిండి మర దగ్గరికి వెళ్ళింది. అంతవరకు నిజమే. ఇడ్లీ పిండి ఎవరు రుబ్బాలి? ఆవకాయ కారం ఎవరు కొట్టాలి? వడియాలు ఎక్కడ పెట్టాలి? ఎవరూ అడగలేదు.

అదృష్టవశాత్తు యంత్రాలు వచ్చాయి. ఈ యంత్రాల వరస చూస్తే, పెరట్లోంచి ఒక్కొక్క సామానే లేచి వంటింట్లోకి నడిచి వస్తున్నట్టుంటుంది. 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన కరెంటు రుబ్బురోలు తయారుచేశారు. మన పాతదాంట్లో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. ఈ కొత్తదాంట్లో రోలే తిరుగుతుంది. అలా రోలు ఇంట్లోకి వచ్చింది. 1959లో ప్రెషరు కుక్కరు మన దేశంలో తయారుకావడం మొదలైంది. బొంబాయిలో మాధురీ మాథుర్ అనే గృహిణి విదేశీ మిక్సీ మన పప్పులూ పచ్చళ్ళూ రుబ్బలేక చతికిలపడింది. అప్పుడు ఇంజనీరైన ఆవిడ భర్త సత్యప్రకాశ్ మన వంటకు తట్టుకునే మిక్సీని తయారుచేసి, 1963లో కంపెనీ పెట్టారు. సుమీత్ మిక్సీ పుట్టుక అదీ. అలా సన్నికల్లు వంటింటి గట్టెక్కింది. 1955 ప్రాంతంలో బొంబాయిలో మొదలైన గ్యాసు, 1965లో ఇండేన్ వచ్చాక తక్కిన వూళ్ళకీ పాకింది. మన రాష్ట్రంలో పల్లెటూళ్ళ పేద ఇళ్ళకి ఆ భాగ్యం చాలా ఆలస్యంగా, 1999లో దీపం పథకంతో మొదలైంది. పొగ పోయింది, మసి పోయింది, కళ్ళ మంట పోయింది. ఇంతకు మించిన మేలు ఆడవాళ్ళకి ఇంకో యంత్రం చేసిందని నేననుకోను.

కాని ప్రతి యంత్రమూ ఒక జాగా అడుగుతుంది. గ్రైండరు ఒక మూల, సిలిండరు ఒక మూల, అది అయిపోతే పెట్టుకోవడానికి రెండో సిలిండరు ఇంకో మూల. రోలైతే ఎండకి ఎండి వానకి తడిసి పెరట్లో పడుండేది. గ్రైండరుకి కప్పు కావాలి, ప్లగ్గు కావాలి, కడుక్కోవడానికి పక్కనే నీళ్ళు కావాలి. వంటిల్లు మాత్రం పెరగలేదు. 1970లో మన దేశానికి జాతీయ భవన నిర్మాణ నియమావళి అని ఒకటి వెలువడింది. ఆ నియమావళిలో వంటింటి లెక్క చూడండి. భోజనాలకి వేరే చోటున్న ఇంట్లో వంటిల్లు కనీసం 5 చదరపు మీటర్లు వుండాలి. సామాన్ల కొట్టు విడిగా వుంటే 4.5 చాలు. అంటే వంటింట్లో సామాన్లకి వాళ్ళు కట్టిన విలువ అర చదరపు మీటరు. మన లెక్కలో అయిదు చదరపు అడుగుల పైచిలుకు. ఒక బియ్యం బస్తా, నాలుగు ఆవకాయ జాడీలు, ఒక నూనె డబ్బా పెడితే చెల్లు. గ్రైండరు ఎక్కడ పెట్టుకోవాలో ఆ లెక్కకి తట్టలేదు. అయితే అదే నియమావళిలో బంగారం లాంటి మాట ఒకటుంది. వంటింటి కిటికీ ఒక చదరపు మీటరుకు తగ్గకూడదు, అది నేరుగా బయటి గాలిలోకి తెరుచుకోవాలి, నాలుగు గోడల మధ్య గాలిగొట్టంలోకి కాదు. ఇది మనసులో వుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

1980లలో హైదరాబాదులోనూ, విజయవాడలోనూ, విశాఖలోనూ అపార్టుమెంట్లు లేచాయి. వాటి కోసం 1987లో రాష్ట్రంలో చట్టమే వచ్చింది. పెరడు పూర్తిగా పోయింది ఇక్కడే. మూడో అంతస్తులో నేల ఏది, పెరడేది? తొలి అపార్టుమెంట్లలో చాలావాటికి వంటింటి వెనక ఏమీ లేదు. అంట్లు వంటింటి సింకులో, బట్టలు స్నానాల గదిలో, ఆరవెయ్యడం పడగ్గది బాల్కనీలో, చీపురూ చెత్తబుట్టా తలుపు వెనక, అప్పడాలు ఆరబెట్టడం మంచం మీద ఫాను కింద. పనిమనిషి గిన్నెలు తోముతూంటే ఇల్లాలు పక్కకి వొదిగి పోపు పెట్టుకోవాలి. ఒకప్పుడు ఎకరంలో నాలుగో వంతులో పరుచుకున్న పని యాభై చదరపు అడుగుల్లోకి వచ్చి కూర్చుంది. వంటిల్లు ఎప్పుడు చూసినా చిందరవందరగా వుంటుందేమని ఇంటికొచ్చిన పెద్దలు అన్నప్పుడు, అది ఇల్లాలి చేతగానితనమే అనుకున్నారు గాని ఇల్లు కట్టినవాడి మరుపని ఎవరూ అనుకోలేదు.

ఇదేమంత పెద్ద విషయమా అంటారేమో. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా ఇళ్ళకి వెళ్ళి, ఎవరు రోజులో ఎంతసేపు ఏ పని చేస్తారో రాసుకుంది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. దాదాపు అయిదు గంటలు. ఇంటిపని చేసే మగవాళ్ళు వెచ్చించేది 97 నిమిషాలు. అసలు ఏదో ఒక ఇంటిపని చేసే మగవాళ్ళే నూటికి 26 మంది. రోజుకి అయిదు గంటలు కూర్చునే ఆఫీసుకి గాలీ వెలుతురూ లేకపోతే ఉద్యోగస్తులు సంఘం పెట్టి సమ్మె చేస్తారు. మనం సర్దుకుపోతాం. ఆ సర్దుకుపోవడం నడుం నొప్పిగా, మోకాళ్ళ నొప్పిగా నలభై దాటాక లెక్క అప్పజెబుతుంది.

బట్టల యంత్రం ఇళ్ళలోకి వచ్చాక గాని ఇల్లు కట్టేవాళ్ళకి కనువిప్పు కలగలేదు. రోలుని మంచం కిందికి తొయ్యొచ్చు. రెండడుగుల చదరపు యంత్రాన్ని, అందులోనూ నీళ్ళు తాగి నీళ్ళు కక్కే యంత్రాన్ని, ఎక్కడికి తొయ్యగలరు? దానికి కొళాయి కావాలి, తూము కావాలి, ప్లగ్గు కావాలి. అప్పుడు వంటింటి వెనక చిన్న బాల్కనీ గీసి, "యుటిలిటీ" అని పేరు పెట్టారు. చూశారా, ఇల్లాలి నడుం అడిగితే దొరకని జాగా యంత్రం అడిగితే దొరికింది. పోనీ, ఎవరి పుణ్యాన వచ్చినా పెరడు ఇంత ముక్కయినా తిరిగొచ్చింది. దాన్ని మిగిలిన జాగాగా కాక, కావలసిన జాగాగా కట్టించుకోవడం ఇక మన చేతిలో వుంది.

దానికి ఉపాయం కూడా చరిత్రలోనే వుంది. 1961లో ఇంగ్లండులో పార్కర్ మారిస్ అనే ఆయన అధ్యక్షతన ఇళ్ళ మీద ఒక నివేదిక వెలువడింది. ఏ గది ఎన్ని అడుగులుండాలని వాళ్ళు మొదలుపెట్టలేదు. ఇంట్లో మనుషులు ఏమేం చేస్తారు, దానికి ఏ సామాను కావాలి, ఆ సామాను చుట్టూ మనిషి మసలడానికి ఎంత చోటు కావాలి అని మొదలుపెట్టారు. మన ప్లాను కాగితం దగ్గర కూడా అలాగే మొదలుపెడితే సరి. ముందు కొలతలు కాదు, పనుల జాబితా రాయండి. పాత పెరటిలో ఏమేం జరిగేవో వరసగా రాసుకుని, అందులో మీ ఇంట్లో ఇంకా మిగిలినవి ఏవో టిక్కు పెట్టుకోండి. ఆశ్చర్యపోతారు, సగానికి పైగా మిగిలే వుంటాయి.

అంట్లు తోమడం వుంటే, లోతైన తొట్టి ఒకటి కావాలి. ఇడ్లీ కుక్కరూ, బూరెల మూకుడూ వంటింటి సింకులో పట్టవు. పనిమనిషి కూర్చుని తోమే అలవాటైతే నేల మీదే చిన్న అంచు కట్టిన చప్టా, బకెట్టు పట్టేలా తక్కువ ఎత్తులో ఒక కొళాయి. ఆవిణ్ణి కూడా ప్లాను గీసే ముందు ఒక్కసారి అడగండి, తప్పులేదు. ఆ నేల వంటింటి నేల కన్నా అంగుళమో రెండంగుళాలో దిగువన వుండి, తూము వైపు వాలి వుంటే నీళ్ళు వంటింట్లోకి రావు. వసారా దిగి పెరట్లోకి వెళ్ళే మెట్టు ఎందుకుండేదో ఇప్పుడు తెలిసింది కదూ!

బట్టల యంత్రం పెట్టేటప్పుడు యంత్రం కొలత ఒక్కటే చూసుకోకండి. ముందు తలుపున్న యంత్రమైతే ఆ తలుపు తెరిచి, ముందు కూర్చుని బట్టలు తీసే మనిషికి కూడా చోటుండాలి. గ్యాసు సిలిండరు అక్కడ పెట్టేటట్టయితే గాలి ఆడే చోట నిలువుగా పెట్టాలి. గ్యాసు గాలి కన్నా బరువు, కారితే నేలబారున పేరుకుంటుంది. అందుకని గాలి పోవడానికి కింద కూడా కంతలుండాలి, పైన కిటికీ ఒక్కటే చాలదు. గ్యాసు గీజరు ఆ చిన్న గదిలో బిగించి, వానజల్లు పడుతోందని నాలుగువైపులా అద్దాలు మూయించడం మాత్రం ఎంతమాత్రం తగదు. గాలాడని చోట ఆ మంట విషవాయువు పుట్టిస్తుంది, దానికి వాసన కూడా వుండదు. ఇందాక చెప్పిన కిటికీ నియమం ఇక్కడికీ వర్తిస్తుంది. ఆ గది బయటి గాలిలోకి తెరుచుకోవాలి.

జాగా సంగతి. నాలుగడుగుల వెడల్పు లేకపోతే అది గది కాదు, సందు. ఒక మనిషి వంగి పని చేస్తూంటే ఇంకో మనిషి పక్కనుంచి వెళ్ళగలగాలి. ఆ మేరకి హాలు ఒక అడుగు తగ్గినా ఎవరికీ ప్రాణం మీదికి రాదు. హాల్లో చుట్టాలు వారానికి ఒక గంట కూర్చుంటారు. ఇక్కడ మీరు రోజూ నిలబడాలి. వీలుంటే గోడకి ఒక మడత పీట బిగించండి. చిక్కుళ్ళు వొలవడానికి, బియ్యం ఏరడానికి, ఏమీ చెయ్యకుండా రెండు నిమిషాలు కూర్చోడానికి కూడా పనికొస్తుంది. వారగా ఒక కరివేపాకు కుండీ పెడితే, కూరలు కడిగిన నీళ్ళకి పాత దోవ కొంచెమైనా దొరుకుతుంది. ఇంకొకటి, ఆ గది తలుపు ఇంట్లో అందరికీ తెరుచుకునేదిగా వుండాలి. యంత్రంలో బట్టలు వెయ్యడానికి, తీసి ఆరెయ్యడానికి ఆడజన్మే ఎత్తనక్కర్లేదు. ఆ 97 నిమిషాల లెక్క పెరగడానికి ఇంతకన్నా అనువైన చోటు ఇంట్లో మరొకటి లేదు.

కాబట్టి ఈసారి ప్లాను కాగితం బల్ల మీదికి వచ్చినప్పుడు, "అది నీ ఇష్టం" అన్న మాట వినపడగానే మురిసిపోయి ఊరుకోకండి. పెన్సిలు చేతిలోకి తీసుకుని, ముందు ఆ సన్నటి ముక్కని గీయించండి. తర్వాత హాలు సంగతి చూద్దాం అనండి. పూర్వం పదహారు గదుల ఇంట్లో వంటింటికి అటూ ఇటూ రెండు పనిగదులు రాసిపెట్టిన పెద్దల మాట కూడా సాక్ష్యానికి వాడుకోండి, అత్తగారు కాదనలేరు. పనిగది సరిగ్గా కుదిరిన ఇంట్లో ఆ రోదన గృహం జోలికి పోనక్కర్లేదని కూడా చెప్పండి.